పేర్లు చెరిపేసిన జోస్యం: యేట్స్ ‘ది సెకండ్ కమింగ్’ను 1919లో పెట్టి చదివితే

క్లుప్తంగా: ఐరిష్ కవి డబ్ల్యు. బి. యేట్స్ 1919 జనవరిలో రాసిన 22 పాదాల కవిత ఏ సంక్షోభం వచ్చినా మళ్లీ బయటికి వస్తుంది. యుద్ధానికి అతుకుతుంది, మహమ్మారికి అతుకుతుంది, ఎన్నికల ఫలితాలకూ అతుకుతుంది. చిత్తుప్రతిలో రాసుకున్న మనుషుల పేర్లు, దేశాల పేర్లు కవి తుదిప్రతిలో తీసేయడమే దీనికి ముఖ్య కారణం. ఆ పేర్లు వెనక్కి పెట్టి చదివితే అందులో లోకమంతటి భయం కన్నా ఒక వర్గం భయం ఎక్కువగా కనిపిస్తుంది. అవే ఏళ్లలో చీరాలలో, పల్లెపాడులో జరిగినవాటి పక్కన పెడితే ఈ సంగతి ఇంకా తేటపడుతుంది.

నెల్లూరు, ఒంగోలు కాలేజీల్లో ఎం.ఏ. ఇంగ్లీషు చదివేవారికి, నెట్, సెట్ పరీక్షలకు ప్రిపేర్ అయ్యేవారికి ఈ కవిత దగ్గర ఒక చిక్కు ఉంది. ఒకచోట ఇది మొదటి ప్రపంచ యుద్ధం గురించి అని ఉంటుంది. ఇంకోచోట రష్యా విప్లవం అంటారు. మరొకరు ఐర్లండ్‌లో బ్రిటిష్ బలగాల దౌర్జన్యం అంటారు. యూట్యూబ్ పాఠాల్లో ఇది హిట్లర్ రాకను ముందే చెప్పిన జోస్యం అవుతుంది. కోవిడ్ తర్వాత స్పానిష్ ఫ్లూ కూడా ఈ జాబితాలో చేరింది. వీటిలో కొన్ని నిజం, కొన్ని సగం నిజం, ఒకటి రెండు తేదీల దగ్గరే తేలిపోతాయి.

కవితలో ఉన్నది

కవిత రెండు భాగాలు. మొదటిది 8 పాదాలు, రెండోది 14.

మొదటి భాగంలో ఒక డేగ సుడులు తిరుగుతూ పైకి పోతుంటుంది. సుడి వెడల్పయ్యే కొద్దీ, కింద నిలబడి పిలిచే మనిషి గొంతు దానికి వినపడదు. డేగతో వేటాడేవాళ్లు పక్షిని తాడు కట్టి ఆకాశంలోకి వదలరు. పిలుపు వినగానే తిరిగొచ్చి చేతి మీద వాలేలా దానికి శిక్షణ ఇస్తారు. పక్షికీ మనిషికీ మధ్య ఉన్న బంధమల్లా ఆ పిలుపే. దాన్నిబట్టి చూస్తే కవిత తిరుగుబాటుతో మొదలు కావడం లేదు. దూరం పెరిగింది, మాట అందలేదు, అంతే.

ఆ వెంటనే వరసగా ప్రకటనలు వస్తాయి. అన్నీ ఊడిపోతున్నాయి, కేంద్రం పట్టు తప్పింది. అరాచకం లోకం మీదికి వదిలేసి ఉంది. నెత్తురుతో మసకబారిన ఉప్పెన పొంగింది, అమాయకత్వం తాలూకు ఆచారమర్యాదలు అందులో మునిగిపోయాయి. మంచివాళ్లకు దేని మీదా నమ్మకం లేదు, చెడ్డవాళ్లేమో ఆవేశంతో ఊగిపోతున్నారు. ఈ పాదాల్లో కర్త ఎక్కడా లేడు. అరాచకాన్ని ఎవరు వదిలారు, ఆ నెత్తురు ఎవరిది, ముంచింది ఎవరు అని అడిగితే కవితలో జవాబు దొరకదు. ఈ లోటు పొరపాటున వచ్చింది కాదని చిత్తుప్రతులు చూస్తే తెలుస్తుంది.

రెండో భాగంలో ఒక గొంతు వినిపిస్తుంది. ఏదో తెలియవచ్చే ఘడియ దగ్గరపడింది, క్రీస్తు రెండో రాకడ కావచ్చు అంటుంది. ఆ మాట నోట్లో ఉండగానే ఎడారి ఇసుకలో ఒక ఆకారం కనిపిస్తుంది. సింహం ఒళ్లు, మనిషి తల, సూర్యుడిలా జాలి లేని ఖాళీ చూపు. అది బరువుగా తొడలు కదుపుతూ నడుస్తుంటే చుట్టూ ఎడారి పక్షుల నీడలు గిర్రున తిరుగుతాయి. మళ్లీ చీకటి. ఇరవై శతాబ్దాల రాతినిద్రను ఊగే ఉయ్యాల ఒకటి పీడకలగా మార్చిందని ఆ గొంతుకు అర్థమవుతుంది. తన వేళ వచ్చిందని బెత్లెహేము వైపు కాళ్లీడ్చుకుంటూ పుట్టడానికి పోతున్న ఆ మొరటు మృగం ఏమిటి అన్న ప్రశ్నతో కవిత ఆగిపోతుంది.

ఆ జనవరి

అప్పటికి యేట్స్‌కు 53 ఏళ్లు. 1918 నవంబరులో యుద్ధం ముగిసింది. రష్యాలో 1917లో విప్లవం వచ్చింది, 1918 జులైలో జార్ కుటుంబాన్ని కాల్చి చంపారు. ఐర్లండ్‌లో 1916 ఈస్టర్ తిరుగుబాటును అణచి, నాయకులను బ్రిటిష్ ప్రభుత్వం కాల్చి చంపింది. ఆ దెబ్బకు జనం తిరుగుబాటుదారుల వైపు తిరిగారు. 1918 డిసెంబరు ఎన్నికల్లో ఐర్లండ్‌కు ఉన్న 105 సీట్లలో 73 స్వాతంత్ర్యం కోరే షిన్ ఫేన్ పార్టీకి వచ్చాయి. గెలిచినవాళ్లు లండన్ పార్లమెంటుకు వెళ్లకుండా 1919 జనవరి 21న డబ్లిన్‌లోనే సొంత సభ పెట్టుకున్నారు. అదే రోజు టిప్పరరీ ప్రాంతంలో మాటువేసిన తిరుగుబాటు దళం వాలంటీర్లు ఇద్దరు పోలీసులను కాల్చి చంపారు. ఐరిష్ స్వాతంత్ర్య యుద్ధం అక్కడే మొదలైందని చరిత్రకారులు లెక్కవేస్తారు.

బ్లాక్ అండ్ టాన్స్ అనే బ్రిటిష్ అదనపు బలగాలు ఐర్లండ్‌లో దిగింది 1920లో. కాబట్టి ఈ కవిత వాళ్ల దౌర్జన్యాలు చూసి రాసింది అనడం కుదరదు. అయితే కవిత అచ్చయింది 1920 నవంబరులో, పుస్తకంలోకి వచ్చింది 1921 ఫిబ్రవరిలో. ఆ నెలల్లో చదివిన డబ్లిన్ పాఠకుడికి కళ్లముందు మెదిలింది ఆ బలగాలే అయి ఉండొచ్చు. రాసిన కాలం ఒకటి, చదివిన కాలం ఇంకొకటి. రెండూ కలిపేయడం వల్లే చాలా వ్యాఖ్యానాలు తప్పుదారి పడతాయి.

చిత్తుప్రతిలో ఉన్నవాళ్లు

యేట్స్ చేతిరాత ప్రతులు మిగిలి ఉన్నాయి, పండితులు వాటిని అచ్చు వేశారు. అక్కడ కవిత ఇంత మబ్బుగా లేదు. జర్మన్లు రష్యాలోకి రావడం ఒక పాదంలో ఉంది. ఫ్రెంచి విప్లవంలో తల పోగొట్టుకున్న రాణి మరీ ఆంత్వానెత్ ఉంది. గొంతెత్తి అరవడానికి ఇప్పుడు ఒక బర్క్ లేడు, ఒక పిట్ లేడు అన్న వాపోత ఉంది. ఎడ్మండ్ బర్క్ డబ్లిన్‌లో పుట్టినవాడు, ఫ్రెంచి విప్లవాన్ని తిడుతూ 1790లో ప్రసిద్ధమైన పుస్తకం రాసినవాడు. విలియం పిట్ ఆ విప్లవ ఫ్రాన్సుతో యుద్ధం నడిపిన బ్రిటిష్ ప్రధాని.

అంటే 1919లో యేట్స్ తన కాలాన్ని 1790ల అద్దంలో చూస్తున్నాడు. రష్యాలో జార్ కుటుంబం గతి చూసి ఆయనకు ఫ్రెంచి రాణి గుర్తొచ్చింది. పాత వ్యవస్థ తరఫున గట్టిగా మాట్లాడే పెద్దమనిషి తన కాలంలో ఎవరూ లేరన్నది బాధ. మంచివాళ్లకు నమ్మకం లేదన్న పాదం అసలు వేరు ఇదే. అక్కడ ‘మంచివాళ్లు’ అంటే మంచి మనసున్నవాళ్లందరూ అని చదువుకోవడం మన ఉదారత. చిత్తుప్రతి ప్రకారం వాళ్లు బర్క్‌లా మాట్లాడవలసిన చోట నోరు మూసుకున్న కులీనులు.

తుదిప్రతిలో జర్మన్లు పోయారు, రష్యా పోయింది, రాణి పోయింది, బర్క్, పిట్ పోయారు. ‘రెండో పుట్టుక’ అని మొదట రాసుకున్నది ‘రెండో రాకడ’ అయింది. ఈ కొట్టివేతలే కవితకు ప్రాణం పోశాయని ఒప్పుకోవాలి. పిట్, బర్క్ అలాగే ఉండిపోయి ఉంటే ఇది ఫుట్‌నోట్లు పెట్టుకుని చదవాల్సిన మరో రాజకీయ పద్యంగా మిగిలేది. పేర్లు పోవడంతో భయం మాత్రం మిగిలింది, దాని చిరునామా చెరిగిపోయింది. నూరేళ్లుగా పాఠకులు తమ తమ చిరునామాలు అక్కడ రాసుకుంటున్నారు.

మునిగిపోయిన ‘అమాయకత్వపు ఆచారమర్యాదలు’ ఏమిటో తెలియాలంటే పుస్తకంలో దీని వెనకాలే ఉన్న కవిత చూడాలి. అది 1919లో పుట్టిన కూతురి కోసం చేసిన ప్రార్థన. ఆమె అన్నీ ఒక పద్ధతిగా, ఆచారంగా సాగే ఇంటికి కోడలిగా వెళ్లాలని, అమాయకత్వం, అందం పుట్టేది అలాంటి ఇళ్లలోనే అని తండ్రి కోరుకుంటాడు. ఇది పెద్ద లోగిళ్ల ప్రపంచం. ఐర్లండ్‌లో భూములు, బంగళాలు ఉన్న ప్రొటెస్టెంట్ కుటుంబాల ప్రపంచం. యేట్స్ అంత ఆస్తిపరుడు కాకపోయినా, మనసుతో ఆ వర్గానికి చెందినవాడు. ఆ తర్వాత మూడు నాలుగేళ్లలో అలాంటి బంగళాలు చాలా తగలబడ్డాయి.

పక్క గదిలో జ్వరం

ఇన్‌ఫ్లుయెంజా సంగతి ఇటీవలి దాకా ఈ కవిత చర్చల్లోకి రాలేదు. 1918 నవంబరులో యేట్స్ భార్య జార్జ్ డబ్లిన్‌లో ఫ్లూతో మంచం పట్టింది. అది న్యుమోనియాకు దారితీసి ప్రాణం మీదికి వచ్చింది. ఆమె అప్పుడు గర్భిణి. వాళ్లుంటున్నది యేట్స్ ఒకప్పుడు ప్రేమించిన ఐరిష్ స్వాతంత్ర్య ఉద్యమకారిణి మాడ్ గాన్ ఇంట్లో, అద్దెకు. మాడ్ గాన్‌ను బ్రిటిష్ ప్రభుత్వం జైల్లో పెట్టింది. ఆమె బయటపడి, ఐర్లండ్‌కు రాకూడదన్న నిషేధాన్ని కాదని వేషం మార్చుకుని సొంతింటి తలుపు తట్టింది. యేట్స్ లోపలికి రానివ్వలేదు. పోలీసులు సోదాకు వస్తే జబ్బు మనిషి తట్టుకోలేదని ఆయన భయం. ఇద్దరికీ పెద్ద గొడవ అయింది. కూతురు ఆన్ 1919 ఫిబ్రవరి 26న పుట్టింది. కవిత రాసిన జనవరి ఈ రెండింటికీ మధ్య పడుతుంది.

ఆ జబ్బు తీవ్రమైతే ముక్కు నుంచీ నోటి నుంచీ నెత్తురు పడేది. ఊపిరితిత్తుల్లో నీరు చేరి, ఒడ్డున ఉన్న మనిషే మునిగిపోతున్నట్టు ఊపిరాడక చనిపోయేవాడు. నెత్తురు కలిసిన ఉప్పెన, మునిగిపోవడం, కర్త లేని మృత్యువు, కదిలే ఉయ్యాల అన్నీ ఆ ఇంటి అనుభవంతో కలుస్తాయని సాహిత్య విమర్శకురాలు ఎలిజబెత్ ఔట్కా 2019లో వాదించారు. దీనికి చిత్తుప్రతి సాక్ష్యం లేదు, అక్కడ ఉన్నది రాజకీయమే. కానీ వాదన బలం వేరే చోట ఉంది. యుద్ధానికి, విప్లవానికి వేలు పెట్టి చూపించగల శత్రువు ఉంటాడు. ఫ్లూకు ఉండడు. ఎవరో తెలియని పీడ అన్న భావన కవితలోకి రాజకీయాల నుంచే వచ్చి ఉండాలన్న నియమం లేదు.

ఐర్లండ్‌లో ఆ ఫ్లూ 20 వేలకు పైగా ప్రాణాలు తీసింది. భారతదేశంలో కోటి ఇరవై లక్షలకు తక్కువ కాదని అంచనాలు. అదే ఏడు వానలు మొహం చాటేశాయి, గింజల ధరలు మండిపోయాయి. 1918 సెప్టెంబరులో మద్రాసు ప్రెసిడెన్సీలో చాలాచోట్ల ధాన్యం లూటీలు జరిగాయి. నెల్లూరు జిల్లా, అప్పట్లో అందులోనే ఉన్న కనిగిరి, పొదిలి మెట్టసీమలు ఆ ప్రెసిడెన్సీలోవే. 1911 నుంచి 1921 దాకా గడిచిన దశాబ్దంలో భారత జనాభా పెరగకపోగా కాస్త తగ్గింది. దేశ జనగణన చరిత్రలో మళ్లీ అలా జరగలేదు. లోకం అంతమైపోతోందని అనుకోవడానికి 1919లో డబ్లిన్ కన్నా ఇక్కడే కారణాలు ఎక్కువ ఉన్నాయి.

ఇది మన యుగచక్రమేనా?

తెలుగు పాఠకుడికి ఈ కవిత చదవగానే కలియుగం గుర్తుకొస్తుంది. ధర్మం నశించడం, నీచులు చెలరేగడం, చివర ఒక రాక. పైగా యేట్స్‌కు భారతీయ ఆలోచనతో పరిచయం ఉంది. టాగూర్ గీతాంజలి ఇంగ్లీషు కూర్పుకు 1912లో ముందుమాట రాసింది ఆయనే. దాంతో ఇది మన యుగచక్రమే అని తేల్చేయడం తేలిక. కానీ ఆ పోలిక కొంత దూరమే వస్తుంది.

ప్రకాశం జిల్లా వాళ్లకు ఈ పోలికకు వేరే చోటికి పోనక్కరలేదు. మహాభారతం అరణ్యపర్వంలో నన్నయ ఆపిన చోటు నుంచి అందుకున్నవాడు ఎర్రన. అద్దంకిలో ప్రోలయ వేమారెడ్డి కొలువులో ఉన్న కవి. మార్కండేయ మహర్షి ధర్మరాజుకు ప్రళయం గురించి, కలియుగ లక్షణాల గురించి చెప్పే ఘట్టం ఆయన పాలిట పడింది. అక్కడ కాలం మెట్లు దిగినట్టు దిగుతుంది. ధర్మం ఒక్కో యుగంలో ఒక్కో పాదం పోగొట్టుకుంటుంది. కలియుగం నిడివి 4,32,000 ఏళ్లు. చివర కల్కి వచ్చి సరిచేశాక మళ్లీ కృతయుగం.

యేట్స్ లెక్క వేరు. 1917 అక్టోబరులో పెళ్లయిన కొద్ది రోజులకే ఆయన భార్య అసంకల్పితంగా రాయడం మొదలుపెట్టింది. ఆత్మలు రాయిస్తున్నాయని ఇద్దరూ నమ్మారు. ఆ వేలాది పేజీల నుంచి ఆయన ఒక చరిత్ర సిద్ధాంతం అల్లుకున్నాడు. రెండు శంకువులు ఒకదానిలో ఒకటి దూరి తిరుగుతుంటాయి. ఒకటి పూర్తిగా విచ్చుకున్న వేళకు రెండోది బిందువంత ముడుచుకుని ఉంటుంది. అక్కడి నుంచి దిశ మారుతుంది. సుమారు రెండు వేల ఏళ్లకు ఒక యుగం, ప్రతి యుగమూ ముందుదానికి తలకిందులు. క్రీస్తు యుగం దయ, వినయం, సమానత్వం తెచ్చింది కాబట్టి రాబోయేది క్రూరంగా, గర్వంగా, హెచ్చుతగ్గులతో ఉంటుంది. ఇందులో సరిదిద్దే కల్కి లేడు, పాపానికి ఫలితమన్న మాట లేదు. గడియారం లోలకం ఇటు నుంచి అటు వెళ్లినంత యాంత్రికం. అన్నిటికీ మించి, ఆ రాబోయే యుగమంటే యేట్స్‌కు భయం ఎంతుందో ఆకర్షణ అంతే ఉంది. నవ్వుతూ విధ్వంసం చేసే ఒక ఇత్తడి మృగం ఇరవయ్యో శతాబ్దం మొదట్లోనే తన ఊహలో మెదిలేదని, ఈ కవితలో వర్ణించింది దాన్నేనని ఆయనే తర్వాత రాసుకున్నాడు. అంటే మృగం యుద్ధానికి ముందే పుట్టింది. 1919 దానికి నడిచే దారి చూపించిందంతే. కవితలో ప్రతి మాటకూ ఒక వార్త వెతికేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి.

దీనికన్నా దగ్గరి పోలిక మౌసలపర్వంలో ఉంది. పెన్న ఒడ్డున, మనుమసిద్ధి కాలంలో తిక్కన తెలుగు చేసిన పర్వాల్లో అదొకటి. యాదవులు తాగి కొట్టుకుంటారు, పట్టుకున్న తుంగ రోకలై చంపుతుంది. కృష్ణుడు పోతాడు, సముద్రం ద్వారకను మింగుతుంది. మిగిలిన ఆడవాళ్లను తీసుకెళ్తున్న అర్జునుడికి దొంగల ముందు గాండీవం ఎక్కుపెట్టడమే కష్టమవుతుంది. కేంద్రం పోవడం, ఉప్పెన, ఉత్తముడి చేతులు చచ్చుబడటం, అన్నీ ఉన్నాయి. కానీ అక్కడ ప్రతిదానికీ కారణం ఉంది. గాంధారి శాపం, మునుల ముందు కుర్రాళ్ల వెకిలితనం, తాగుడు. తిక్కన పాఠకుడు ‘ఇలా ఎందుకైంది’ అని అడిగితే కథ జవాబు చెబుతుంది. యేట్స్ పాఠకుడికి శంకువు బొమ్మ తప్ప వేరే జవాబు లేదు.

ఎర్రన కలియుగ వర్ణనను కూడా చరిత్రలో పెట్టి చదవొచ్చా అన్న ప్రశ్న సహజం. 1323లో ఓరుగల్లు పడిపోయింది, రెడ్డి రాజ్యం నిలబడింది ఆ పతనం తర్వాతే. కానీ ఆ ఘట్టం మూలంలోనే ఉంది, ఎర్రన చిత్తుప్రతులు మనకు లేవు. కాలం కలిసినంత మాత్రాన సంబంధం రుజువు కాదు. యేట్స్ విషయంలో ధైర్యంగా మాట్లాడగలుగుతున్నామంటే కారణం ఆ కొట్టివేతల కాగితాలే.

వెలిగొండల అవతలి కాలజ్ఞానం

ఈ కవిత జనంలో తిరిగే తీరుకు అసలైన జోడు పోతులూరి వీరబ్రహ్మం కాలజ్ఞానం. ఉదయగిరి, కనిగిరి వైపు నుంచి వెలిగొండలు దాటితే బ్రహ్మంగారి మఠం ఎంతో దూరం కాదు. ఆ తత్వాలు ఈ పల్లెలకు కొత్త కాదు. 2020 మార్చిలో ‘కోరంకి’ అనే జబ్బు కోటి మందికి తగులుతుందన్న చరణాలు వాట్సాప్‌లో ఏ స్థాయిలో తిరిగాయో చాలామందికి గుర్తుండే ఉంటుంది. అంతకుముందు ఆ చరణాలను పట్టించుకున్నవాళ్లు తక్కువ. సంఘటన ముందు వస్తుంది, దానికి తగిన చరణం తర్వాత దొరుకుతుంది.

ఇంగ్లీషు లోకంలో యేట్స్ పాదాలకు పట్టిన గతి కూడా ఇదే. 2016లో బ్రెగ్జిట్, అమెరికా ఎన్నికలు, ఉగ్రవాద దాడులు ఒకేసారి వచ్చినప్పుడు వాల్ స్ట్రీట్ జర్నల్ లెక్క తీసింది. ఆ ఏడు మొదటి ఏడు నెలల్లో ఈ కవిత పాదాలను వార్తల్లో వాడినన్నిసార్లు అంతకుముందు 30 ఏళ్లలో ఏ ఏడాదిలోనూ వాడలేదని తేలింది. వామపక్షంవాళ్లు వాడారు, మితవాదులూ వాడారు. ఆవేశపరులైన చెడ్డవాళ్లు ఎప్పుడూ అవతలి పార్టీలోనే ఉంటారు గనక ఎవరికీ ఇబ్బంది లేదు.

ఒక తేడా మాత్రం చిన్నది కాదు. కాలజ్ఞానంలో కష్టాల జాబితా ఎంత పొడవున్నా చివర వీరభోగ వసంతరాయలు వస్తాడు, ధర్మం నిలబడుతుంది. వినేవాడు భయపడి, ఆ తర్వాత కుదుటపడతాడు. యేట్స్ పాఠకుడికి ఆ ఊరట లేదు, చివర ఉన్నది ప్రశ్నార్థకం.

కేంద్రం ఎవరిది?

ఇక అసలు ప్రశ్న. కేంద్రం పట్టు తప్పడం ఎవరికి ప్రళయం?

యేట్స్ ‘అరాచకం’ అని రాసిన రెండు నెలలకు, 1919 మార్చిలో ఢిల్లీలో ఒక చట్టం వచ్చింది. మనం రౌలట్ చట్టం అంటాం. దాని అధికారిక నామం అరాచక, విప్లవ నేరాల చట్టం. విచారణ లేకుండా జైల్లో పెట్టే అధికారాన్ని సమర్థించుకోవడానికి ప్రభుత్వం వాడిన మాట అది. ఏప్రిల్ 13న జలియన్‌వాలా బాగ్. ఆ ఏడాది అరాచకమన్న మాట ఎవరి నోట ఎలా పలికిందో చూడకుండా ఆ పాదాన్ని శాశ్వత సత్యంగా చదవడం కష్టం.

యేట్స్ పుస్తకం వెలువడిన 1921 ఫిబ్రవరి నుంచి రెండు నెలలు ముందుకు వస్తే చీరాల. అప్పట్లో గుంటూరు జిల్లా, తర్వాత 1970 నుంచి 2022 దాకా ప్రకాశం జిల్లా. చీరాల, పేరాలను కలిపి మున్సిపాలిటీ చేయడంతో పన్నుల భారం ఏడాదికి 4 వేల రూపాయల నుంచి 40 వేలకు చేరింది. నేతపని మీద బతికే ఊళ్లు అవి. దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వంలో జనం పన్ను కట్టం అన్నారు. ఏప్రిల్ 6న గాంధీ చీరాల వచ్చి, ఊరు వదిలిపోతే మున్సిపాలిటీ దానంతటదే పోతుందని ఒక దారి చెప్పారు. నిజంగానే జనంలో ఎక్కువమంది ఇళ్లకు తాళాలు వేసి, ఊరి పొలిమేర అవతల పాకలు వేసుకుని దానికి రామనగర్ అని పేరు పెట్టుకున్నారు. ఎండలో, వానలో దాదాపు 11 నెలలు అక్కడే ఉన్నారు. ఏప్రిల్ 7న గాంధీ నెల్లూరు జిల్లాలో పెన్న ఒడ్డున పల్లెపాడులో సత్యాగ్రహ ఆశ్రమాన్ని ప్రారంభించారు.

డేగ బొమ్మను ఇక్కడ పెట్టి చూస్తే దాని అర్థం పూర్తిగా తిరగబడుతుంది. చీరాల జనం పిలుపు వినపడక దూరం పోలేదు. విని, వద్దనుకుని పోయారు. ఊరు ఖాళీ అయింది, మున్సిపాలిటీ అనే కేంద్రం మనుషులు లేని ఆఫీసుగా మిగిలింది. మద్రాసు అధికారుల దృష్టిలో అది పాలన కూలడమే. రామనగర్ పాకల్లో ఉన్నవాళ్లకు మాత్రం అది కొత్త ఊరు కట్టుకోవడం. మంచివాళ్లకు నమ్మకం లేదు, చెడ్డవాళ్లకే ఆవేశం అన్న సూత్రమూ ఇక్కడ పనిచేయదు. ఒంగోలు దగ్గర పుట్టిన టంగుటూరి ప్రకాశం బాగా నడుస్తున్న ప్రాక్టీసు వదులుకుని ఉద్యమంలోకి దిగి, 1921లో స్వరాజ్య పత్రిక పెట్టారు. నమ్మకం, ఆవేశం ఒకే మనిషిలో ఉండటం ఆ ఏడు ఇక్కడ వింత కాదు.

అలాగని యేట్స్‌ను సామ్రాజ్యం మనిషిగా జమకట్టడం అన్యాయం. 1915లో ఆయన సర్ బిరుదు వద్దన్నాడు. 1921 ఫిబ్రవరిలో ఆక్స్‌ఫర్డ్ విద్యార్థి సభలో నిలబడి ఐర్లండ్‌లో బ్రిటిష్ బలగాల అకృత్యాలను ఎండగట్టాడు. ఆయన భయం సామ్రాజ్యం పోతుందని కాదు. సామ్రాజ్యం నీడలో పెరిగిన సంస్కారం, లోగిళ్లు, పుస్తకాలు, మర్యాదలు కూడా దాంతోపాటే పోతాయని. ఆ భయం నిజమైనదే, కానీ అది చీరాల నేతపనివాడి భయం కాదు.

ఈ సంగతి చాలా ముందే నైజీరియా రచయిత చినువా అచెబె పట్టుకున్నాడు. 1958లో తన మొదటి నవలకు ఈ కవితలోని ‘థింగ్స్ ఫాల్ అపార్ట్’ (అన్నీ ఊడిపోతున్నాయి) అన్న మాటలనే పేరుగా పెట్టాడు. ఆ నవలలో ఊడిపోయేది ఇగ్బో సమాజం, ఊడదీసేది తెల్లవాళ్ల మతం, పాలన. యేట్స్ చెరిపేసిన చిరునామా స్థానంలో అచెబె తన ఊరి చిరునామా రాశాడు. కర్త లేని వాక్యానికి కర్తను తెచ్చి పెట్టాడు.

కవి తానే తిప్పుకున్న తీరు

హిట్లర్ జోస్యం అన్న మాటకు మూలం కవే. 1936 ఏప్రిల్‌లో రచయిత్రి ఎథెల్ మానిన్‌కు రాసిన ఉత్తరంలో, ఐరోపాలో ఇప్పుడు జరుగుతున్నది పదహారు పదిహేడేళ్ల కిందటే ఈ కవితలో ముందే చెప్పానని యేట్స్ అన్నాడు. రాసినప్పుడు మనసులో ఉన్నది రష్యా విప్లవం, 1936లో దాన్ని అన్వయించింది ఫాసిస్టులతో సహా అప్పటి ఐరోపా మొత్తానికి. మధ్యలో, 1933లో, బ్లూషర్ట్స్ అనే ఐరిష్ ఫాసిస్టు తరహా సంస్థ పట్ల ఆయనే కొన్నాళ్లు మొగ్గు చూపాడు. ఈ మూడూ కలిపి చూస్తే కవిని ప్రవక్త అనడం కష్టం. చిరునామా లేని కవితను ఆయనా మిగతా పాఠకుల్లాగే వాడుకున్నాడు.

పరీక్ష రాసేవారికి ఇందులో పనికొచ్చేది తేదీల వరస. 1917 రష్యా, 1918 నవంబరులో యుద్ధం ముగింపు, అదే నెల ఇంట్లో ఫ్లూ, 1919 జనవరిలో రచన, 1920 నవంబరులో అచ్చు, 1936లో జోస్యమన్న వ్యాఖ్య. ‘కారణం ఏది’ అని అడిగితే మొదటి మూడింటి నుంచి రాయాలి. ‘ఎలా చదివారు’ అని అడిగితే చివరి రెండూ వస్తాయి.

నెల్లూరులో విరిగింది వేరు

ఈ కవిత రాసిన మరుసటి నెలలోనే, 1919 ఫిబ్రవరిలో నెల్లూరులో తిక్కవరపు పట్టాభిరామిరెడ్డి పుట్టారు. పఠాభి పేరుతో 1939లో ఆయన వేసిన ‘ఫిడేలు రాగాల డజన్’ తెలుగులో ఆధునిక కవిత్వానికి ఒక గట్టి కుదుపు. యేట్స్, మరో కవి టి. ఎస్. ఎలియట్‌ల తరం ఐరోపాలో చేసిన పనులు కొన్ని ఇందులోనూ ఉన్నాయి. పట్నం బొమ్మలు, తెగిన వాక్యాలు, పాత అందాల మీద వెటకారం. ప్రళయం మాత్రం లేదు. వచన పద్యాలనే దుడ్డుకర్రలతో పద్యాల నడుములు విరగదంతానని, చిన్నయసూరి బాలవ్యాకరణాన్ని దండిస్తానని ఆ కవి ప్రకటించుకున్నాడు. ఇక్కడ కర్త స్పష్టంగా ఉన్నాడు, చేతిలో కర్ర కూడా ఉంది. డబ్లిన్ కవి కళ్లముందు కూలుతున్నది ఆయన కాపాడుకోవాలనుకున్న ఇల్లు. నెల్లూరు కుర్రవాడికి ఎదురుగా ఉన్నవి ఛందస్సు, వ్యాకరణం, భావకవుల విరహం. వాటిని కూల్చడానికి ఇరవై ఏళ్ల వయసులో ఎవరికీ పెద్ద దిగులుండదు. తెలుగు మోడర్నిజం చర్చల్లో ఐరోపా నిరాశను ఇక్కడ వెతికి, దొరకలేదని పఠాభిని తేలిక చేసిన విమర్శకులు ఈ తేడాను లెక్కలోకి తీసుకోలేదు.